కొండలు కావాలంటే సూదులు లేచాయి

నాలుగు ఎస్‌ఆర్‌టీఎం టైల్స్ (నేల ఎత్తుల డేటా ముక్కలు) కలిపి ఒక లోయకి త్రీడీ మోడల్ చేద్దామని కూర్చున్నాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులవి, పిక్సెల్‌కి ఒక ఆర్క్ సెకను, అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 30 మీటర్లు. ఒక పూట పని అనుకున్నాను, మూడు రోజులు పట్టింది.

మొదటిసారి తెరిస్తే కొండలు లేవు, నిలువునా లేచిన సూదులున్నాయి. ఎత్తును పెంచి చూపించే సెట్టింగ్‌ని తగ్గిస్తూ గంటసేపు గడిపాను, అసలు తప్పు అక్కడ లేదు. టైల్ అడ్డం, నిలువు డిగ్రీల్లో ఉన్నాయి, ఎత్తు మాత్రం మీటర్లలో ఉంది. ఒక్క యూనిట్ వెడల్పున్న నేల మీద 900 యూనిట్ల కొండ నిలబెడితే సూది కాక ఏమవుతుంది? డిగ్రీకి సుమారు 1,11,000 మీటర్లు కాబట్టి ఎత్తుల్ని దానితో భాగిస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. భూమధ్యరేఖ దగ్గర సరిపోతుంది కానీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాల మధ్య దూరం తగ్గుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే ఉంటుంది, అక్కడ కొండలు అడ్డంగా సాగిపోతాయి. అందుకే శుభ్రంగా యూటీఎంలోకి, అంటే అడ్డం, నిలువు కూడా మీటర్లలో ఉండే మ్యాప్ పద్ధతిలోకి మార్చాను.

సూదులు పోయాయి, గోతులొచ్చాయి. లోయ గోడల దగ్గర పాతాళానికి దిగిపోయిన బావుల్లాంటివి! రాడార్‌కి కనిపించని చోట ఎస్‌ఆర్‌టీఎంలో -32768 అని రాసి ఉంటుంది, దాన్ని 'డేటా లేదు' అని గుర్తు పెట్టకపోతే ప్రోగ్రామ్ నిజం ఎత్తనే అనుకుంటుంది. సరే, ఆ విలువని నోడేటాగా పెట్టాను. అయినా కొన్ని గోతులు పోలేదు, నాకు బాగా టెన్షన్ వచ్చింది ఇక్కడే. చివరికి ఒక గోతి మీద క్లిక్ చేసి అంకె చూస్తే -14 వేల చిల్లర కనిపించింది. అప్పుడు అర్థమైంది, నేను ముందే బైలీనియర్ పద్ధతిలో ప్రొజెక్షన్ మార్చేశాను కదా (యూటీఎంలోకి మార్చడం అంటే అదే), అది పక్క పిక్సెల్స్ ఎత్తుల్ని -32768తో కలిపి సగటు తీసేసింది. అలా పుట్టిన అంకెలు ఏ నోడేటా గుర్తుకీ దొరకవు. మొత్తం పారేసి అసలు టైల్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను: ముందు నోడేటా, తర్వాత టైల్స్ కలపడం, చిన్న ఖాళీలు పూడ్చడం, ఆఖరున ప్రొజెక్షన్.

ఆ మార్పిడికి ఈసారి భయపడి, సగటు తీయకుండా దగ్గరి పిక్సెల్ అంకెనే తీసుకునే నియరెస్ట్ నైబర్ పద్ధతి వాడాను, హిల్‌షేడ్ (వాలుల మీద వెలుగునీడలు చూపే బొమ్మ) వేస్తే నేలంతా గళ్ల బట్టలా చారలు పడ్డాయి. ఎత్తులు కొత్త గడుల్లోకి అలాగే కాపీ అవుతాయి కాబట్టి కొన్ని వరుసలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఖాళీలు ముందే సరిచేసి ఉంటే చుట్టుపక్కల పిక్సెల్స్‌ని కలిపి లెక్కేసే క్యూబిక్ పద్ధతితో ఏ ఇబ్బందీ లేదు, చారలు పోయాయి. రంగుల మ్యాప్‌లో ఈ చారలు కనబడవు, అందుకే ఇప్పుడు త్రీడీకి పంపే ముందు ప్రతిసారీ హిల్‌షేడ్ వేసి, కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు చూస్తున్నాను.

నిటారు గోడ మీద పెద్ద ఖాళీ ఒకటి మాత్రం మిగిలింది. చుట్టూ అంచుల్ని బట్టి పూడిస్తే అక్కడ లేని మెత్తటి వాలు వచ్చింది, అది అబద్ధం, ఉంచడానికి మనసొప్పలేదు. ఆ ముక్కని కోపర్నికస్ అనే ఇంకో 30 మీటర్ల ఎత్తుల డేటా నుంచి తెస్తున్నాను. దాని ఎత్తులు ఈజీఎం2008 ప్రకారం, ఎస్‌ఆర్‌టీఎంవి ఈజీఎం96 ప్రకారం (ఎత్తుల్ని ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే, సముద్రమట్టపు రెండు వేర్వేరు నమూనాలివి), నేరుగా అతికిస్తే అంచు దగ్గర మెట్టు పడొచ్చు. ముందు ఆ తేడా సరిచేస్తున్నాను.