కట్లపాము అని అరిచాను

రాత్రి గట్టి వాన. ఈ ఏడాదికి ఇదే మొదటి పెద్దవాన. కరెంటు పదకొండుకు పోయి నాలుగుకు వచ్చింది, ఆ మధ్యలో కప్పలు కన్ను మూయనివ్వలేదు. ఇంటి వెనక కుంట ఎండాకాలమంతా నెర్రెలిచ్చి పడుంది కదా, ఇన్ని కప్పలు ఎక్కడ దాక్కుని ఉన్నాయో!

పొద్దున పళ్లు తోముకుంటూ గట్టు మీదికి పోయి చూశాను. అన్నీ బోదురుకప్పలే. మామూలుగా బురద రంగులో ఉండే మగవి ఈ వానకు నిమ్మపండు రంగుకు తిరిగాయి, నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా. అరిచినప్పుడల్లా గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతున్నాయి. ఆడవాటికి ఈ సోకులేం లేవు, వాటి పాత రంగు వాటిదే. వీటి కాళ్లను ఒకప్పుడు మన దేశం నుంచి విదేశాలకు అమ్మేవాళ్లని, 1987లో ఆ ఎగుమతి ఆపేశారని మా అవ్వకు చెబితే, "కప్పకాళ్లు తింటారా? ఏం పొయ్యేకాలంరా వాళ్లకి" అని కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

అంతలో బాత్రూంలోంచి చెల్లెలి కేక. బకెట్ అంచున చెట్టుకప్ప, వేళ్ల చివర్ల గుండ్రటి మెత్తలు ఆనించుకుని హాయిగా కూర్చునుంది. మగ్గులో పట్టి జామచెట్టు మీద వదిలాను. సాయంత్రానికి మళ్లీ వస్తుంది, నాకు తెలుసు.

మాది మదనపల్లె పక్క. చేలో ఎక్కడ చూసినా బండలే, ఎండ కాసిందంటే ప్రతి బండ మీదా ఒక తొండ ఉంటుంది. ఈరోజు మోటారు దగ్గరి బండ మీద మగది వీపంతా ఎర్రగా, పక్కలు నల్లగా చేసుకుని తల ఆడిస్తోంది. చిన్నప్పుడు ఇంటి కంచె మీది తొండల్ని, గొంతు ఎర్రబడితే మన రక్తం పీలుస్తున్నాయని రాళ్లతో కొట్టేవాళ్లం. జత కట్టే కాలంలో మగదానికి వచ్చే రంగది, అంతే. ఎన్నిటిని చంపామో లెక్క లేదు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్న సామెత కూడా నిజమే అనుకునేవాణ్ణి, రెండూ వేర్వేరు జీవులని చాలా ఆలస్యంగా తెలిసింది. అసలు ఊసరవెల్లిని నేను చూసింది రెండేరెండుసార్లు, ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పుకుంటూ చింతకొమ్మ మీద.

మధ్యాహ్నం అవ్వ భుజం మీద బల్లి పడింది. పంచాంగం తీయబోయి, "నేను కంచి బల్లిని ముట్టుకున్నాలే, నాకేం కాదు" అని తనే మానేసింది. కంచి గుళ్లోది తాపడం చేసిన బొమ్మ గానీ నిజంగానే ఒంటికి బంగారు రంగుండే బల్లి మన తిరుమల కొండల్లో ఉంది, 1870 లోనే శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు, రాతి చీలికల్లో గుడ్లు అంటించి పెడుతుందని చెప్పాను. "దాన్ని ముట్టుకుంటే ఏం పోతుంది?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక అసలు సంగతి. ఏడు దాటాక బల్లులు ట్యూబులైటు చుట్టూ చేరాయి. వసారా గోడ మీద, లైటుకు జానెడు కింద, ఒక పాము. సన్నగా, ముదురు రంగు మీద తెల్లటి పట్టీలు. "కట్లపాము!" అని అరిచేశాను, ఏమీ చూడకుండా, ఆలోచించకుండా. కింద చాప మీద చెల్లెలి కొడుకు పడుకునున్నాడు. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదంటారు, నిద్రలో కాటేస్తే తెల్లారేదాకా ఎవరూ గమనించకపోవచ్చు. నాకు అదే గుర్తొచ్చింది. పక్కింటి చిన్నాయన "యాడుందిరా?" అంటూ కట్టెతో వచ్చాడు. రెండు దెబ్బలు. అయిపోయింది.

తర్వాత సెల్లు లైటు వేసి చూశాను. కట్లపాముకు పట్టీలు తోక వైపు స్పష్టంగా ఉండి తల వైపు పోయేకొద్దీ మాసిపోతాయి. దీనికి మెడ నుంచే మొదలై తోక దగ్గర లేకుండా పోయాయి. రంగు కూడా నలుపు కాదు, గోధుమ. విషం లేని పాము, బల్లుల కోసం ఇళ్ల గోడలెక్కే రకం. అసలు అంత నున్నటి గోడ ఎక్కిందంటేనే నాకు అనుమానం రావాల్సింది, ఇవన్నీ నాకు తెలుసు, ఫోన్లో ఫొటోలు కూడా దాచుకున్నాను.

చిన్నాయన దాన్ని కట్టెకొనకు తగిలించి దిబ్బ వైపు తీసుకుపోతున్నాడు.

"ఏం పామురా అబ్బోడా?" అంది అవ్వ లోపలినుంచి.

"కట్లపామే అవ్వా" అన్నాను.