క్రియాటినిన్ లిమిట్లోనే ఉందా, అయితే ఇంకో మాట అడగండి

మా సోంపేట, కవిటి వైపు ఇద్దరు కలిస్తే పంటల కబుర్ల తర్వాత వచ్చే ప్రశ్న "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అనే. రక్తంలోంచి కిడ్నీలు వడగట్టి పంపెయ్యాల్సిన వ్యర్థం అది, పెరిగితే కిడ్నీ మీద అనుమానం. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి వచ్చాయి, కానీ జబ్బును ముందే పట్టుకోవాలంటే ఎవరికైనా మొదటి దారి రక్త, మూత్ర పరీక్షలే.

చుట్టాలు నాకు వాట్సాప్‌లో రిపోర్టులు పంపుతుంటారు. మొన్న మా పిన్ని పంపింది, క్రియాటినిన్ 1.1, "లిమిట్లోనే ఉంది కదరా, ఇంక టెన్షన్ లేదు" అని. ల్యాబ్ వాళ్లు పక్కన 0.6 నుంచి 1.2 అని అచ్చేశారు మరి. కానీ అదే 1.1 పాతికేళ్ల కుర్రాడికి వస్తే కిడ్నీ వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, దాదాపు 95 ఉంటుంది, అరవై ఏళ్ల మా పిన్నికి లెక్కేస్తే 57 దగ్గర తేలుతుంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి బక్కగా, కండ తక్కువగా ఉన్నవాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపించొచ్చు. వడపోత దాదాపు సగం పోయేదాకా అది లిమిట్ దాటకపోవచ్చు కూడా. వయసు రాసి ఉన్న కాగితం మీద ఈజీఎఫ్ఆర్ వెయ్యకుండా ఇచ్చే ల్యాబుల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. అది రిపోర్టులో లేకపోతే డాక్టరుగారిని అడిగి లెక్క కట్టించుకోండి.

రిపోర్టులో కనిపించే ఇంకో అంకె, యూరియా, దాని సంగతి వేరు. మనం తిన్న ప్రొటీను అరిగాక మిగిలే నైట్రోజన్ ముందు అమ్మోనియా అవుతుంది, దాన్ని కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు బయటికి పంపుతాయి. ఒంట్లో నీరు తగ్గితే అది సరిగా బయటికి పోదు, అందుకని రోజంతా జీడితోటలో ఎండకి పనిచేసి సరిగా నీళ్లు తాగకుండా రక్తం ఇచ్చినా యూరియా పెరిగి కనిపిస్తుంది, కిడ్నీ బాగానే ఉన్నా సరే. ఒక ల్యాబులో బ్లడ్ యూరియా 40, ఇంకోదాంట్లో బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ లెక్క మాత్రమే) 19 అని వస్తే సగానికి సగం తగ్గిందని సంబరపడొద్దు, బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే యూరియా, రెండూ ఒకటే.

కాలేయం బాగా పాడైతే కథ తిరగబడుతుంది: యూరియా సరిగా తయారవదు, అమ్మోనియా పేరుకుంటుంది, మనిషి మత్తుగా, అయోమయంగా మాట్లాడతాడు. అలాంటప్పుడు యూరియా తక్కువుందని ధైర్యపడకూడదు. అమ్మోనియా పరీక్షకి తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే చెయ్యాలి, ఊళ్లో తీసి బండి మీద ఊరూరా తిప్పి టౌనుకి చేరిస్తే ఆ అంకె ఉత్తినే పెరిగిపోతుంది. ఆసుపత్రిలోనే చేయించండి.

మూత్రంలో ప్రొటీను లేదన్నారని కూడా వదిలెయ్యకండి, ఉద్దానం జబ్బులో అది చాలామందికి తక్కువే పోతుంది. పిన్నికి చెప్పాను, పాత రిపోర్టులన్నీ తీసి పెట్టమని. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ మూడు నెలలు దాటి అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు కాబట్టి మళ్లీ పరీక్ష చేయించాలి, వీలైతే అదే ల్యాబులో, ఈలోగా డాక్టరుకి చెప్పకుండా ఒళ్లునొప్పుల బిళ్లలు వేసుకోవద్దన్నాను.