కడియపులంకలో బట్వాడా

శనివారం సాయంత్రం కడియపులంకలోని ఒక నర్సరీకి వెళ్లాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో నా దగ్గర చదువుకున్న కుర్రాడు అక్కడ పనిచేస్తున్నాడు. మేధో వైకల్యం వల్ల అంకెలు ఇరవై దాటితే తడబడతాడు గానీ, అతని చేతులకు ఆ తడబాటు లేదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన కుప్ప దగ్గర కూర్చుని, నల్ల కవరును రెండు వేళ్లతో విప్పి, సగం నింపి, నేలకు ఒకసారి తట్టి, మళ్లీ అంచుదాకా నింపుతాడు. పది కవర్లు వరుసగా పేర్చాక పక్కన ఒక పెంకుముక్క పెడతాడు. మేస్త్రి ఆ ముక్కలు లెక్కపెట్టుకుంటే చాలు.

కూలి డబ్బుల బట్వాడాలో మాత్రం, అదే పని అంతే చేసిన పక్కవాళ్ల కూలిలో సగమే అతనికి కట్టారు, అదీ తల్లి చేతికిచ్చారు. అడిగితే యజమాని మర్యాదగానే, "ఏదో మనవాడని పెట్టుకున్నామండి, ఆరు వేలు పింఛను కూడా వస్తోంది కదండీ" అన్నారు. తల్లి నన్ను పక్కకు పిలిచి, "పని ఇచ్చారు, అదే పదివేలు టీచరుగారూ, ఆ మాట ఎత్తకండి" అంది. పని మాన్పించేస్తే కొడుకు మళ్లీ ఇంట్లో కూర్చోవలసి వస్తుందన్న ఆమె భయం నిజమైనదే.

అయినా, ప్రభుత్వమిచ్చే పింఛనును చూపి చేసిన పనికి రావలసిన కూలిని కోయడం అన్యాయం. ఈ చిన్నచూపు ఆయన ఒక్కరిదే కాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే, వికలాంగుల వేతనాలకు ఆ చట్టం వర్తించదని ఆదేశించే వీలును 26వ సెక్షన్‌లో ప్రభుత్వానికి ఇచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని 3 శాతం ఉద్యోగ కోటాలో మేధో వైకల్యం గలవారికి చోటే లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని 4 శాతం చేసి, అందులో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి కేటాయించింది గానీ, అది సర్కారు కొలువుల మాట. నర్సరీలకూ కొబ్బరి పీచు షెడ్లకూ కూలికి పోయేవారికి దానితో ఒరిగేదేమీ లేదు. వారికి అక్కరకు వచ్చేది, అందరితో సమానంగా తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కునిచ్చిన, అదే 2016 చట్టంలోని 13వ సెక్షన్.

అందుకే యజమానితో, జాలి వద్దు, అందరికీ కట్టే రేటే కవర్ల లెక్కన కట్టండి అన్నాను. ఆయన మేస్త్రిని పిలిచి పెంకుముక్కల లెక్క అడిగి, కాసేపు ఆలోచించి, వచ్చే బట్వాడా నుంచి అలాగే ఇస్తామన్నారు. సోమవారం తల్లీకొడుకులను బ్యాంకుకు తీసుకెళ్లాలి. ఖాతా అతని పేరునే తెరిపించాలి, తల్లి నామినీగా ఉంటే సరిపోతుంది.