నాకంటే అయిదు డోసులు ముందున్న మనిషి

మెడ కింద గడ్డ చేతికి తగిలినప్పటి నుంచి బయాప్సీ రిపోర్ట్ వచ్చేదాకా జరిగింది రాయాలంటే అదే ఒక పెద్ద కథ, దాన్ని వదిలేస్తున్నాను. చివరికి హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక క్యాన్సర్ అని తేలింది. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో ఇస్తామన్నారు. ఆరు సైకిళ్లు, ఒక్కో సైకిల్‌లో రెండు డోసులు, అంటే రెండు వారాలకొకటి చొప్పున మొత్తం 12 డోసులు. బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఇదొకటని డాక్టర్ గారు చెప్పారు, అది నిజమే, కానీ ఆ మాట విన్న ప్రతివాళ్లూ "నయం, మంచి రకమే వచ్చింది" అనడం మొదలుపెట్టేసరికి నాకు భయంగా ఉందని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఇక్కడ రాయాలనుకున్నది కీమో గురించి కూడా కాదు. కీమో నడుస్తుండగా మాట్లాడుకోవడానికి ఇంకో పేషెంట్‌ని వెతుక్కోవడం గురించి. మందుల చీటీలో దాన్ని ఎవరూ రాయరు, మనమే అడగాలి, అలా అడగొచ్చని నాకు మూడో డోసు దాకా తెలియలేదు.

ఇంట్లోవాళ్లు నన్ను ఒక్క పూట ఒంటరిగా వదిలింది లేదు. రాత్రి చెమటకి తడిసిన దిండు గలీబులు మార్చేవాళ్లు, థర్మామీటర్ మంచం పక్కనే పెట్టుకుని, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి తీసుకురమ్మన్నారని అలారం పెట్టుకుని మరీ లేచి చూసేవాళ్లు. ప్రేమకి లోటు లేదు. కానీ "అయిదో రోజు ఎలా ఉంటుంది? ఈ నోరు ఇలాగే ఉంటుందా, తగ్గుతుందా?" అని అడిగితే వాళ్లేం చెబుతారు? డాక్టర్ గారిని అడిగితే కొందరిలో ఇలా ఉంటుంది, కొందరిలో ఉండదు అంటారు. ఆయన తప్పు కాదు, అంతకన్నా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నాకు మాత్రం ఆ కొందరిలో ఒక మనిషి కావాలనిపించేది.

నోటీసు బోర్డు మీద పేషెంట్ల సపోర్ట్ మీటింగ్ అని చూసి ఒకసారి వెళ్లాను. గుండ్రంగా వేసిన పది పన్నెండు కుర్చీల్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. దాదాపు అందరూ రొమ్ము క్యాన్సర్ వాళ్లు. టామోక్సిఫెన్ అయిదేళ్లు వాడాలా పదేళ్లు వాడాలా, ఆపరేషన్ అయిన వైపు చేయి వాచకుండా ఏం చేయాలి, రేడియేషన్‌కి కమిలిన చర్మాన్ని ఎలా చూసుకోవాలి, ఇవీ మాటలు. నా వంతు వచ్చినప్పుడు "బాగానే ఉందండీ" అనేసి ఊరుకున్నాను. బయటికి వస్తుంటే ఎవరికో తోడుగా వచ్చిన ఒకాయన నా చేయి పట్టుకుని, కీమో ఆపేసి ఫలానా పొడి వాడు, మా వాళ్లకి తగ్గింది అని గట్టిగా చెప్పాడు. వారం రోజులు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నిజమేమో అని కాదు, మూడో డోసుకి వెళ్లకుండా ఉండడానికి ఒక సాకు దొరికిందని మనసు దాన్ని పట్టుకుంది. సాయం పేరుతో మందు మానమని చెప్పేవాళ్ల దగ్గర మొహమాటం వద్దు, లేచి వచ్చేయండి.

అదే మీటింగ్‌లో నా పక్కన కూర్చున్న ఒక అక్క చెప్పిన మాటే నాకు దారి చూపించింది. "నీ జబ్బువాళ్ల కోసం కాదు తమ్ముడూ, నీ మందువాళ్ల కోసం వెతుకు. చూడు, నాది రొమ్ము, నీది గ్రంథులు, అయినా మనిద్దరికీ ఎక్కేది ఆ ఎర్ర మందే కదా." డాక్సోరూబిసిన్ గురించి ఆవిడ అన్నది. లింఫోమాకీ వాడతారు, రొమ్ము క్యాన్సర్‌కీ వాడతారు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా పోతుంది, రక్తం కాదు, మందు రంగే. మొదటి డోసు రాత్రి బాత్రూమ్‌లో లైటు వేసి అది చూసి నేను చల్లబడిపోయి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ మాట ముందే విని ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

మూడో డోసుకి వెళ్లిన రోజే, కీమో ఎక్కించే డే కేర్‌లో సిస్టర్‌ని అడిగాను, నా మందే తీసుకుంటున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని. ఉన్నారు, కానీ పేషెంట్ల వివరాలు ఇవ్వకూడదు అంది. సరే, నా నంబర్ వాళ్లకి ఇవ్వొచ్చు కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "రాసివ్వండి, వాళ్లకి ఇష్టమైతే చేస్తారు" అంది. చిన్న కాగితం ముక్క మీద ఇలా రాశాను: "వయసు 36. ఏబీవీడీ. మూడో డోసు. ఇదే మందు నాకంటే ముందు నుంచి తీసుకుంటున్నవాళ్లు ఇష్టముంటే ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు దాటాక." కింద నంబర్. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే పద్ధతి. వాళ్ల నంబర్ అడగకండి, మీది ఇవ్వండి. ఏ మందు, ఎన్నో డోసు అన్నది తప్పకుండా రాయండి.

నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, నేను ఎనిమిదో డోసు" అన్నారు. పేరు ఆ తర్వాత చెప్పారు. నాకంటే పదేళ్లు పెద్ద, అందుకే అన్నా అనే పిలిచేవాణ్ణి, గొంతు కొంచెం బొంగురు, నిదానంగా మాట్లాడతారు. ఏవేవో మాట్లాడుకున్నాం, జుట్టు గురించి, మలబద్ధకం గురించి, నోట్లో ఆ ఇనుము రుచి గురించి. అసలు చెప్పాలనుకున్నది మాత్రం నాకు నోట్లోంచి రావడం లేదు. పది నిమిషాలయ్యాక ఆయనే అడిగారు.

"సూది గుచ్చకముందే వాంతులొస్తున్నాయా?"

నేను మాట్లాడలేదు. ఎందుకంటే సరిగ్గా అదే, రెండో డోసు రోజునే మొదలైంది. హాస్పిటల్ లిఫ్ట్ తలుపు తెరుచుకుని స్పిరిట్ వాసన తగలగానే కడుపులో తిప్పేది. మూడో డోసుకి అయితే ముందు రోజు రాత్రి ఇంట్లో బ్యాగ్ సర్దుతుంటేనే వాంతయింది. మందు ఒంట్లోకి వెళ్లకుండానే వాంతి ఏంటి, ఇదంతా నా పిరికితనం అనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కుళాయి తిప్పి ఆ చప్పుడులో కానిచ్చేశాను.

"నాకు నాలుగో డోసు నుంచి," అన్నారాయన. "ఒకసారి మన సిస్టర్ బయటెక్కడో ఎదురుపడి పలకరించింది, ఎంత మంచి పిల్లో నీకు తెలుసు కదా, ఆ పిల్లని చూడగానే నాకు తిప్పేసింది, రోడ్డు పక్కన కూలబడ్డాను. దానికి పేరుంది తమ్ముడూ, దానికి మందు కూడా ఉంది. పిరికితనం కాదు. రేపే డాక్టర్ గారికి చెప్పు."

చెప్పాను. యాంటిసిపేటరీ నాసియా అంటారట. ఆ వాసనకీ వాంతికీ ఒంట్లో ముడి పడిపోతుంది, ఆ తర్వాత వాసన ఒక్కటే చాలు. ముందు రోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి లొరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చారు. పూర్తిగా పోయిందని అనను, లిఫ్ట్ ఎక్కగలిగాను. ముందే ఎందుకు చెప్పలేదని డాక్టర్ గారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన ఎప్పుడూ వాంతులవుతున్నాయా అని అడిగేవారు, నేను మందుల తర్వాత సంగతి చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్నని ఇంకోలా అడగాలని తెలిసింది అది అనుభవించిన మనిషికే.

నాలుగు మందుల్లో చివరిది డకార్బజీన్, వెలుతురు తగలకూడదని సంచికి ముదురు రంగు కవర్ తొడుగుతారు. అది ఎక్కుతుంటే మణికట్టు నుంచి మోచేయి దాకా నరం వెంట మంట పాకేది, పళ్లు బిగపట్టి కూర్చునేవాణ్ణి. "స్పీడు తగ్గించమని అడుగు, నరం పైన వేడి కాపడం పెట్టమను" అన్నారు అన్న. అడిగాను, సిస్టర్ చూసి రెండూ చేసింది. ఇంటికి ఆలస్యంగా వచ్చినా చేయి మండలేదు. అడిగితే చేసేదే, అడగొచ్చని నాకు తెలియలేదు, అంతే.

అలాగని తోటి పేషెంట్ చెప్పిందల్లా మనకి పనికొస్తుందనుకోకూడదు. ఆ మీటింగ్ అక్కకి ప్రతి కీమో మర్నాడు తెల్లకణాలు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు. నాకు కౌంట్స్ బాగా పడిపోయాయి, ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వడం లేదని డాక్టర్ గారి మీద కొంచెం కోపంగానే వెళ్లాను. నా మందుల్లో బ్లియోమైసిన్ ఉంది, దానివల్ల ఊపిరితిత్తులకి హాని జరగొచ్చు, ఆ ఇంజెక్షన్ తోడైతే ఆ ప్రమాదం పెరుగుతుందన్న అనుమానం ఉంది, అందుకే తప్పనిసరైతే తప్ప ఇవ్వం అని ఓపికగా చెప్పారు. అప్పటి నుంచి తోటివాళ్ల దగ్గర విన్నదాన్ని ప్రశ్నగా మార్చి డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఇంకో సంగతి. "పాజిటివ్‌గా ఉండు, మనోబలమే మందు" అని చెప్పేవాళ్ల వల్ల నాకొక భయం పట్టుకుంది, ఏడిస్తే జబ్బు పెరుగుతుందేమో, నలుగురితో కలవకపోతే తొందరగా పోతానేమో అని. వెతికి చదివాను. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్ట్ బృందం ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మీద చేసిన అధ్యయనంలో సపోర్ట్ గ్రూప్‌లో ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని వచ్చింది. ఆ తర్వాత 2001లో 235 మందితో చేసిన ఇంకా పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు, కానీ మనసులో బాధ, నొప్పి తగ్గాయని తేలింది, ముఖ్యంగా మొదట్లో బాగా కుంగిపోయినవాళ్లలో. చాలామంది దీన్ని నిరాశగా చదువుతారేమో, నాకైతే గుండెల మీంచి బరువు దిగింది. అన్నకి ఫోన్ చేయాలనిపిస్తే చేస్తాను, ఏడుపొస్తే ఏడుస్తాను, బతుకుతానా లేదా అన్నది దాని మీద లేదు.

నాలుగో డోసు తర్వాత పెట్ స్కాన్, అంటే జబ్బు ఉన్నచోటు వెలుగుతూ కనిపించే స్కాన్, బాగా వచ్చింది. ఇక నుంచి బ్లియోమైసిన్ తీసేస్తామన్నారు. మంచి వార్తే, కానీ నాలుగు మందుల్లో ఒకటి తగ్గిస్తున్నారంటే నాకు చేతులు చల్లబడ్డాయి. 1,200 మందికి పైగా చేరిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి, మధ్యలో స్కాన్ బాగున్నవాళ్లకి అది ఆపినా ఫలితం దాదాపు అంతే ఉంది, ఊపిరితిత్తులకి మేలు అని డాక్టర్ గారు చెప్పారు. తల ఊపాను. కానీ నాకు నిజంగా ధైర్యం వచ్చింది సాయంత్రం అన్న ఫోన్‌లో "నాకూ అయిదో డోసు నుంచి ఆపేశారు, చూడు, బాగానే ఉన్నానుగా" అన్నప్పుడు.

ఆయన 12 డోసులు పూర్తయ్యేసరికి నేను ఏడో డోసులో ఉన్నాను. నేను పదో డోసు వేయించుకున్న వారంలో ఆయనకి చివరి స్కాన్ అయింది. ఛాతీలో ఒకచోట ఇంకా వెలుగుతోందన్నారు. మళ్లీ బయాప్సీ చేస్తే జబ్బు అక్కడే ఉందని తేలింది.

ఆ ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చిన ఆలోచన ఆయన గురించి కాదు. బ్లియోమైసిన్ ఆపడం వల్లేనా, అయితే నాకూ ఇంతేనా అని. ఆ ఆలోచన వచ్చినందుకు రెండు రోజులు ఆయనకి ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ నేను ఆయన ఒంటిని చూసి నా జబ్బుని కొలుచుకుంటున్నాను. ఆయన లిఫ్ట్ ఎక్కారు కాబట్టి నేనూ ఎక్కుతాను, ఆయన బాగున్నారు కాబట్టి నేనూ బాగుంటాను. ఒకరి తోడు తీసుకుంటే ఇది కూడా దాంతోపాటే వస్తుంది, దీని గురించి నన్ను ముందు ఎవరూ హెచ్చరించలేదు. డాక్టర్ గారి దగ్గర కూర్చుని ఆ భయాన్ని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పేషెంట్ గురించి మాట్లాడను, నీ స్కాన్ నీది, నీ జబ్బు నీది అన్నారు.

నా చివరి స్కాన్ శుభ్రంగా వచ్చింది. ఇంట్లో అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అన్నకి మాత్రం చెప్పలేకపోయాను. ఆయన అప్పటికి రెండో రకం కీమోకి హాస్పిటల్‌లో అడ్మిట్ అయి ఉన్నారు. నాలుగో రోజు ఆయనే చేశారు.

"స్కాన్ అయిందిగా. చెప్పలేదంటే బాగా వచ్చిందన్నమాట."

"వచ్చిందన్నా."

"మరి నాకు చెప్పవేంట్రా?" అన్నారు. కోపం కాదది, నొచ్చుకున్నారు. "నాకు ఈ వారంలో విన్న మంచి కబురు ఇదొక్కటే, అది కూడా నేనే అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది."

ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత రక్తాన్ని పుట్టించే ఆయన సొంత మూలకణాలతోనే (స్టెమ్ సెల్స్) ట్రాన్స్‌ప్లాంట్ చేస్తారట. వారాల తరబడి ఒకే గదిలో ఉండాలి. ఎలా ఉంటుందో ఏమో, ఎవరినైనా అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు అన్నారు. దాని గురించి నాకేం తెలుసు చెప్పడానికి? ఈ దారిలో నేను ఆయనకంటే ముందు లేను.

మర్నాడు డే కేర్‌కి వెళ్లి సిస్టర్‌కి ఒక కాగితం ముక్క ఇచ్చాను. "లింఫోమా. సొంత మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్, ఇంకా కాలేదు. అది అయినవాళ్లు ఇష్టముంటే ఫోన్ చేయండి." ఆయన్ని అడిగి ఆయన నంబరే రాశాను. వారం తర్వాత అన్న ఫోన్ చేశారు, గొంతులో చాలా రోజుల తర్వాత ఆ నిదానం వినిపించింది. ట్రాన్స్‌ప్లాంట్ అయి రెండేళ్లయిన ఒకావిడ గంటసేపు మాట్లాడిందట. "కణాలు ఎక్కించేటప్పుడు గదంతా వెల్లుల్లి వాసన వస్తుందట తమ్ముడూ, వాటిని గడ్డకట్టించి దాచేటప్పుడు కలిపే మందు వల్లనట. మనకి తెలియదట, చూడడానికి వచ్చినవాళ్లకి తెలుస్తుందట" అన్నారు.