మాత్రలు లేని మొదటి సోమవారం

ఈరోజు కార్తీక సోమవారం. అలారం లేకుండానే ఐదింటికి మెలకువ వచ్చింది. పదకొండు నెలలుగా సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ టైముకే లేచి పరగడుపున ఊపిరితిత్తుల జబ్బు మందులేసుకోవడం, తర్వాత గంటసేపు కాఫీ కోసం గడియారం చూస్తూ కూర్చోవడం ఒంటికి అలవాటైపోయింది. చీకట్లోనే చెయ్యి స్టూలు మీది స్టీలు డబ్బా కోసం వెతికింది. మూత కూడా తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, శనివారమే డాక్టరుగారు మొత్తం ఆపేశారు కదా అని.

మళ్ళీ పడుకుందామంటే నిద్ర పట్టలేదు. సంతోషంగా ఉండాల్సింది. ఊరికి బయల్దేరి బస్సెక్కి కూర్చున్నాక గ్యాస్ కట్టేశానా లేదా అని ఒక గుబులు పుడుతుంది చూడండి, అలా ఉంది.

బాత్రూములో ఇంకో తేడా. రిఫాంపిసిన్ అనే మాత్ర వేసుకున్నన్నాళ్ళూ మూత్రం నారింజ రంగులో వచ్చేది, జాకెట్టు చంకల్లో చెమట మరకలూ అదే రంగు, ఒకసారి టీవీ చూస్తూ ఏడిస్తే తెల్ల చేతిరుమాలు మీద కన్నీటి చుక్కలు కూడా అలాగే పడ్డాయి. ఈరోజు అంతా మామూలుగా ఉంది. ఇలాంటివి రాయొచ్చో లేదో తెలీదు, డైరీయే కదా, రాసేస్తున్నాను.

పోయిన కార్తీకానికి నేను వేరే మందుల మీద ఉన్నాను. అంతకుముందు రెండు నెలలు ఒకటే దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, 46 కిలోలుండే మనిషిని 41కి దిగాను. కళ్ళె పరీక్షలో పురుగు కనబడింది అన్నారు. నేను పాత టీబీ మనిషిని కాబట్టి అదే తిరగబెట్టిందనుకుని వెంటనే టీబీ మందులు మొదలుపెట్టారు. టీబీ పురుగు జన్యువుని వెతికే సీబీనాట్ పరీక్షలో మాత్రం టీబీ లేదని వచ్చింది. ఈ రెండిట్లో ఏది నిజమో తేలేలోపు ఐదు వారాలు గడిచాయి. కల్చర్, అంటే కళ్ళెలోని పురుగుని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, దాని రిపోర్టు ఒకసారి వస్తే చాలదని రెండోసారి కూడా పంపించాక తేలిందేమిటంటే అది టీబీ కాదు, టీబీ పురుగుకి దాయాది. మైకోబాక్టీరియం ఏవియం కాంప్లెక్స్ అని పెద్ద పేరు, డాక్టర్లు పొట్టిగా మాక్ అంటారు. రంగు పట్టించాక యాసిడ్ పోసినా ఆ రంగు వదలని జాతి రెండూనూ, అందుకని మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపిస్తాయట. టీబీలా ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదని విన్నాక ముందు చేసిన పని, ఐదు వారాలుగా విడిగా పెట్టుకున్న నా కంచం, గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో అందరి గిన్నెల్లో కలిపేయడం. కంచంతో టీబీ కూడా రాదని అప్పుడే చెప్పారు, అయినా పాత భయం ఒకటి ఉంటుంది కదా.

ఈ పురుగు నీళ్ళలో, మట్టిలో మామూలుగానే ఉంటుంది. షవర్‌లోంచి లేచే తుంపరలు, పూలకుండీల మట్టి దుమ్ము పీల్చకండి అన్నారు. మాకు షవరెక్కడిది, బక్కెట్టూ చెంబే. కుండీలు మాత్రం ఇరవై మూడున్నాయి, వాటి మట్టి మార్చేటప్పుడు మాస్కు పెట్టుకుంటున్నాను. అందరూ పీల్చేదే అయినా అందరికీ రాదు, నాలాగా ముందే ఊపిరితిత్తుల్లో మరమ్మతులు జరిగినవాళ్ళని పట్టుకుంటుంది. సన్నగా ఉండే పెద్ద వయసు ఆడవాళ్ళలో కూడా ఎక్కువట. మర్యాద కోసం దగ్గుని అణుచుకునే ఆడవాళ్ళకి కళ్ళె లోపలే ఉండిపోయి ఇది వస్తుందేమోనని 1992లో ఇద్దరు అమెరికా డాక్టర్లు ఒక ఊహ రాశారని మా అమ్మాయి చెప్పింది. అది ఋజువైన మాటేం కాదు. కానీ ఇరవయ్యేళ్ళు లెక్కల టీచరుగా, బోర్డు వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు మింగేసిన రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సరే, మందుల సంగతి. వారానికి మూడు రోజులు మూడు రకాలు: అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఎథాంబ్యుటాల్. ఎన్నాళ్ళు అంటే దీని లెక్క వేరు. మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, కళ్ళె కల్చర్ నెగెటివ్ వచ్చిన దగ్గర్నుంచి పన్నెండు నెలలు. ఒక్కో కల్చర్‌కి ఆరు వారాలు ఆగాలి, ఏమీ పెరగలేదని రాసివ్వడానికి. నాకు ఏప్రిల్‌లో నెగెటివ్ వచ్చింది, తర్వాత ఇచ్చినవీ నెగెటివే. అంటే వచ్చే ఏప్రిల్ దాకా వాడాలి. క్యాలెండర్‌లో ఏప్రిల్ పేజీ మీద చుక్క కూడా పెట్టుకున్నాను.

కిందటి ఆదివారం స్నానం చేసి బొట్టు పెట్టుకుందామని భరిణె తీస్తే కుంకుమ మట్టిరంగులో ఉంది. కల్తీ సరుకు అమ్ముతున్నాడని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. "బాగానే ఉందే, ఎర్రగా" అన్నారు మా ఆయన. ఆయనకి శుక్లాలున్నాయి, ఆయన మాటేం లెక్కలే అనుకున్నాను. బజారుకెళ్తే టమాటాలూ అలాగే కనబడ్డాయి. పక్కింటి పాపకి లెక్కలు దిద్దుతుంటే ఎర్ర సిరా గోధుమరంగులోకి తిరిగినట్టుంది. అప్పుడు వెలిగింది. ఎథాంబ్యుటాల్ కంటి నరం మీద పని చేయొచ్చని, ముందు ఎరుపు, ఆకుపచ్చ దగ్గరే తేడా తెలుస్తుందని మొదటిరోజే చెప్పి, కళ్ళు తరచూ చూపించుకోమన్నారు. గురువారం కంటి డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టారు. సెప్టెంబర్‌లో గడగడా చదివిన అంకెలు ఈసారి సగం కనబడలేదు. లెక్కల టీచరుని, అంకె కనబడటం లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆ మాత్ర ఈరోజు నుంచే బంద్ అన్నారావిడ. శుక్రవారం మిగతా రెండే వేసుకున్నాను. చాలామందికి మందు ఆపాక నెలల్లో చూపు సర్దుకుంటుంది, కొందరికి పూర్తిగా రాదు, మీది తొందరగానే పట్టుకున్నాం అన్నారు.

శనివారం ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గర గంటన్నర పట్టింది. ఆ మాత్ర ఒక్కటి తీసేసి మిగతావి వాడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అసలు పని చేసేది అజిత్రోమైసినే అయినా దానికి కాపలా ఎథాంబ్యుటాల్ అట. కాపలా సరిగ్గా లేకపోతే పురుగు అజిత్రోమైసిన్‌కి అలవాటు పడిపోతుంది, అలా మొండికేసిందంటే తర్వాత వైద్యం చాలా కష్టం అన్నారు. బదులుగా క్లోఫాజిమిన్ ఉంది, కుష్ఠుకి వాడే మందు, ఒళ్ళు నల్లబరుస్తుంది. నలుపైనా పర్లేదన్నాను. ఈసీజీ తీస్తే గుండె కొట్టుకునే గీతలో క్యూటీ అనే దూరం కాస్త సాగి ఉంది, అజిత్రోమైసిన్‌తో పాటు అది కూడా కలిస్తే ఇంకా సాగుతుందట. దానికి తోడు రెండు నెలలుగా నా ఎడమ చెవిలో కీచురాయి కూస్తోంది, వినికిడి పరీక్షలో సన్న శబ్దాల దగ్గర గీత కిందకి పడింది. అజిత్రోమైసిన్ చెవుల మీద కూడా పడొచ్చట. కళ్ళు, చెవులు, గుండె మూడూ ఒకేసారి పేచీ పెట్టాయన్నమాట. సీటీలో గుంటలేవీ లేవు, ఏడు నెలలుగా నెగెటివ్, బరువు 44కి వచ్చింది. "టీచరుగారూ, ఇంతటితో ఆపి చూద్దాం. రెండు నెలలకోసారి కళ్ళె ఇవ్వండి, ఆర్నెల్లకి సీటీ తీద్దాం" అన్నారు. మళ్ళీ వస్తే అని అడిగాను. "రావచ్చు. పూర్తిగా వాడినవాళ్ళకీ వస్తుంది, ఒక్కోసారి పాతది కాదు, బయట నుంచి కొత్తది ఎక్కుతుంది. వస్తే అప్పుడు చూస్తాం" అన్నారు.

చీటీ మీద 'ఆపండి' అని రాసిచ్చారు. నా చెవికి మాత్రం 'మానేసింది' అనే వినబడుతోంది.

ఎందుకంటే ఒకసారి నిజంగానే మానేశాను. 1994లో, అమ్మాయికి ఏడాది నిండీ నిండకుండా నాకు టీబీ వచ్చింది. ఆర్నెల్లు వాడమన్నారు. మూడో నెలకి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, ఒళ్ళు చేశాను. "పిల్లతల్లివి, ఆ మాత్రలు వేడి చేస్తాయి, తగ్గాక ఇంకెందుకు" అన్నారు మా అత్తగారు. ఆవిడ మీద నెట్టేయడం తేలిక, కానీ నాకూ అదే మాట కావాలి. ఆ మాత్రల వాసనకే కడుపులో తిప్పేది, నెలనెలా ఆ ఖర్చు. మిగిలిన మాత్రలు పప్పుల డబ్బా వెనక దాచేశాను. ఎవరూ అడగలేదు. ఏడాది దాటాక ఒకరోజు ఉదయం దగ్గితే బేసిన్‌లో రక్తం పడింది. ఈసారి రెండు నెలల పాటు స్ట్రెప్టోమైసిన్ సూదులు, తర్వాత మళ్ళీ నెలల తరబడి మాత్రలు. కూర్చోవాలంటే ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. పిల్లని మా అమ్మ తీసుకెళ్ళింది, తిరిగొచ్చేసరికి నన్ను చూసి అమ్మమ్మ వెనక దాక్కుంది. చెవుల్లో ఈ కూత అప్పుడే మొదటిసారి విన్నాను. టీబీ పోయింది కానీ కుడివైపు గాలిగొట్టాలు వదులైపోయాయి, వానకాలం పల్లంలో నీళ్ళు నిలిచినట్టు కళ్ళె అక్కడే నిలిచిపోతుంది. ఇప్పుడు ఈ మాక్ వచ్చి కూర్చుంది ఆ పల్లంలోనే.

అప్పుడు మూడు నెలలు తక్కువ, ఇప్పుడు ఐదు నెలలు తక్కువ. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఇప్పుడు పరీక్షలున్నాయి, చూసే మనిషి ఉన్నారు, దాచిన డబ్బా లేదు. అయినా లెక్కల బుర్ర కదా, తీసివేతలు మానదు.

ఎనిమిదింటికి అమ్మాయి ఫోన్ చేసింది డల్లాస్ నుంచి, వాళ్ళకి ఆదివారం రాత్రి. "అమ్మా, రూలు పన్నెండు నెలలు కదా, ఇంకో డాక్టర్ని కూడా అడుగుదామా?" అంది. రిపోర్టులన్నీ పంపించమంది. అక్కడ 2018లో అనుమతి వచ్చిన మందు ఒకటుంది, అమికాసిన్‌ని పొగలా పీల్చడం, దాని గురించి చదివిందట. అది మందులకి లొంగని వాళ్ళ కోసం, నాది లొంగింది, పైగా అదీ చెవుల మీద పడే జాతే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుంకుమ ఎలా కనబడుతోంది ఇవాళ?" అంది. అలాగే ఉంది అన్నాను. "మూడు రోజులకేం తెలుస్తుంది" అని తనే అంది.

పక్కింటి పిన్నిగారు ఉసిరి కొమ్మ ఇవ్వడానికొచ్చి, మందులు ఆపేశారని తెలిసి "పీడ విరగడైంది, స్వామికి ఏకాదశ రుద్రాభిషేకం చేయించు" అన్నారు. ఆవిడకి క్యూటీ గురించి ఏం చెబుతాను. చేయిస్తానన్నాను. ఉపవాసం ఉందామనుకున్నాను గానీ ఆ మూడు కిలోలు ఎంత కష్టపడి సంపాదించానో నాకు తెలుసు, పదిన్నరకి ఉప్మా తినేశాను. శివుడు ఏమీ అనుకోడు.

మాత్రలు పోయినా మిగతా చాకిరీ పోలేదు. రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళ నెబ్యులైజరు, తర్వాత ఆ ప్లాస్టిక్ బూరలో ఊదడం, అది ఛాతీలో గడగడలాడిస్తుంది, ఆ తర్వాత నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు హా హా అని వదలడం. మధ్యాహ్నం ఒక చెంచాడు వచ్చింది, తెల్లగానే ఉంది. తెలుపు మీద నాకు అనుమానం లేదు.

సాయంత్రం పుష్కరాల రేవుకి వెళ్ళాం. తెల్లవారుజామున చన్నీటి మునకలు వద్దన్నారు కాబట్టి దీపం వదలడమే. జనం తోసుకుంటున్నారు, అగరొత్తుల పొగ, నేను మాస్కుతో చివరి మెట్టు మీద కూర్చున్నాను. అరటిదొప్పల్లో దీపాలు గోదావరి మీద పోతున్నాయి. పసుపు మాత్రం బాగా కనిపిస్తుంది నాకు, దీపాలకి అది చాలు. తిరిగొస్తూ స్టీలు డబ్బాలో మిగిలిన మాత్రలు ఏం చేయాలని అడిగారాయన. బుధవారం మందుల షాపుకి పట్టుకెళ్ళి, ఎలా పారేయాలో అడుగుదామన్నాను. ఇంట్లో మాత్రం ఉంచుకోను. పప్పుల డబ్బా వెనక అసలే ఉంచుకోను.

రాత్రి మిరియాల చారు పోసుకుని తింటుంటే దగ్గొచ్చింది. ఒకటి, రెండు, మూడోది కాస్త గట్టిగా. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పొలమారిందండీ, అంతే" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే. మిరియాలు."

"ఎవరో తలుచుకుంటున్నారు" అని మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపారు.

అదొక్కటీ తలుచుకోకపోతే చాలన్నాను.