పైన కందకాలు, కింద బోర్లు

"మీరు ఆపే నీళ్ళన్నీ యాడికి పోతాయమ్మా? కింద బోర్లలోకే గదా. నాకేమొస్తాది?"

పొద్దున గుట్ట మీద జీవాలు (మేకలు) మేపుకునే పెద్దాయన అన్న మాట ఇది. జవాబు చెప్పకుండా దిగి వచ్చేశాను. చెప్పలేక కాదు, ఒళ్ళు మండి. గుట్ట మీద కందకాలు తవ్వి వాన నీళ్ళు ఆపే మా వాటర్‌షెడ్ గ్రూపు గొడవలు ఇంట్లోకి తేవద్దని మా ఆయన రూలు పెట్టాడు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. అత్తమ్మ అయితే సగం విని "నీకేల ఈ రాళ్ళ పని" అని టీవీ సౌండ్ పెంచింది.

రాత్రి వాన పడింది. రెయిన్ గేజ్‌లో 22 మిల్లీమీటర్లు. ఏడాది మొత్తానికి 550 దగ్గర సగటు ఉండే అనంతపురంలో జూలై నెల వాన అంటే మాటలా? ఒక ఎకరం మీద 22 మిల్లీమీటర్లు పడితే 90 వేల లీటర్లకు కాస్త తక్కువ. అది గుట్ట మీద నుంచి జారిపోతే గంటలో వంకలోకి, అక్కడి నుంచి చిత్రావతిలోకి, పెన్నలోకి, ఆ తర్వాత నెల్లూరు దాటి సముద్రంలోకి. పోయేటప్పుడు పైమట్టిని కూడా తీసుకుపోతుంది. అందుకే కదా మేం కందకాలు తవ్వింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే పై వరసలు నిండి ఉన్నాయి. టీ రంగు నీళ్ళు. ఒక కందకం అంచున కూర్చుని కాసేపు చూశాను. బాగుంది.

రెండో వరసకు దిగితే కందకం కింద పోసిన మట్టికట్ట మీద గిట్టల గుర్తులు. తడిమట్టి కదా, ఒక్కో గుర్తు రెండంగుళాల లోతు దిగింది. నాలుగు చోట్ల కట్ట తెగి నీళ్ళు పారిపోయాయి. దాని మీద చల్లిన స్టైలో అనే మేత గడ్డి ఇప్పుడిప్పుడే మొలక మీద ఉంది, మూడేసి ఆకులు. వాటిని మొదలంటా కొరికేశాయి. ఆ వరస ఎంత కష్టపడి గీశామో చెప్తా. A అక్షరంలా రెండు కర్రలు కట్టి, మధ్యలో అడ్డకర్ర, పైనుంచి దారానికి వేలాడే రాయి. దారం అడ్డకర్ర మీది గీతకు సరిగ్గా తగిలితేనే రెండు కాళ్ళూ ఒక మట్టంలో ఉన్నట్టు. గాలికి ఆ రాయి ఊగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా ఎండలో నిలబడాలి. జానెడు తేడా వచ్చినా నీళ్ళన్నీ ఒక మూలకు చేరి అక్కడ తెంపుకుపోతాయి. అంత చూసుకుని తవ్వినదాన్ని మేకలు తొక్కేస్తే కోపం రాదా? పైగా ఆ వైపు మేపొద్దని ఊళ్ళో చాటింపు కూడా వేయించాం.

సరే, అక్కడితో అయిపోయిందా? మధ్యాహ్నం మీటింగ్. అసలు మంట అక్కడ పుట్టింది.

వచ్చే నెల ఎవరో పెద్దలు చూడ్డానికి వస్తారట. చూసేది ఏమిటయ్యా అంటే కింది చెక్ డ్యామ్. దాని పక్కన గ్రానైట్ బోర్డు పెట్టాలట. పేర్లు చెక్కాలట. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తర్వాత అని ముప్పావు గంట. నేను కందకాల మాట ఎత్తితే కోశాధికారి సారు "అది ఫోటోలో కనపడదు మేడమ్" అన్నారు. నవ్వుతూ అన్నారు, నిజమే చెప్పారు కూడా. కందకం ఫోటో తీస్తే గుంటలా ఉంటుంది. చెక్ డ్యామ్ మీద అయితే పదిమంది వరసగా నిలబడొచ్చు. కేంద్రం వేసిన హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద 1995లో వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చినప్పటి నుంచీ అందరూ నేర్చుకున్న పాఠం ఒకటే: పని పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. పైన నీటి పరుగు తగ్గించకపోతే కింది చెక్ డ్యామ్ రెండు మూడు వానలకే ఇసుక, ఒండ్రుతో పూడిపోతుంది. మాది ఇప్పటికే మోకాటి దాకా పూడింది. పూడిక తీయడానికి ట్రాక్టర్ బాడుగ లేదట, బోర్డుకు ఉందట. గ్రానైట్ నలుపా, బూడిద రంగా అని ఓటింగ్ పెట్టారు. నేను ఓటు వేయలేదు. (వేసుంటే నలుపు. ఎండకు వెలిసినట్టు కనపడదు.)

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఎందుకో మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నీరుగంటి, అంటే చెరువు నీళ్ళు మడులకు పంచే మనిషి, గుర్తొచ్చాడు.

వేసవి సెలవులకే కాదు, చెరువు నిండి మరవ (నీళ్ళు పొర్లిపోయే చోటు) పారిందని కబురొస్తే చాలు, తాత మమ్మల్ని బస్సెక్కించేవాడు. జనమంతా మరవ దగ్గర ఉంటే నేను మాత్రం ఆ మనిషి వెనక తిరిగేదాన్ని. భుజాన పార, మోకాళ్ళ దాకా బురద. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు అనేది ఆయన చేతిలో పని. మడవ తిప్పేటప్పుడు గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ లేపి కాలువకు అడ్డం పెట్టి, మడమతో రెండు నొక్కులు నొక్కేవాడు. చుక్క కారేది కాదు. నేను నొక్కితే కారేది. ఒకసారి ఊరి పెద్దరైతు ఒకాయన "ఇంకో అరగంట ఉంచరా" అన్నాడు, నాకింకా ఆ గొంతు గుర్తుంది. నీరుగంటి తల ఎత్తలేదు. "కాలవ చివర మడి ఎండుతా ఉంది సామీ" అని మడవ కట్టేసి ముందుకు పోయాడు. పెద్దరైతు గొణుక్కున్నాడు కానీ తెంపలేదు. నీరుగంటికి సెంటు భూమి లేదు. కోతల్లో కళ్ళం దగ్గర ప్రతి రైతూ ఆయనకు మేర (చేసిన పనికి గింజల వాటా) కొలిచేవాడు, చాటలతో. భూమి లేదు కాబట్టే ఎవరి వైపూ మొగ్గడని ఆ పని ఆయనకు ఇచ్చారని తాత అనేవాడు. అందులో తాత లాంటి భూమి ఉన్నవాళ్ళ సౌకర్యం కూడా ఎంతో కొంత ఉందని ఇప్పుడు అనిపిస్తుంది, అది వేరే రోజు రాస్తా. కానీ ఒకటి నిజం. ఆ నీళ్ళల్లో భూమి లేనివాడికీ వాటా ఉండేది, గింజల రూపంలో అయినా.

ఇక్కడి దాకా టైప్ చేసి పై పేరాలు మళ్ళీ చదివాను. పెద్దాయన మీద రాసిన కోపం చప్పబడిపోయింది.

మేం బోర్లు కొలుస్తాం కదా. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఒకప్పుడు ఏడు కరువు జిల్లాల్లో రైతులే నీటిమట్టం కొలుచుకుని, ఉన్న నీళ్ళకు తగ్గ పంటల లెక్క వేసుకున్నారు. ఆ పద్ధతే పట్టుకున్నాం. టేపు బోరులోకి వదిలితే నీళ్ళు తగిలినప్పుడు బీప్ అంటుంది. గుట్ట కింది బోర్లలో ఆ బీప్ పోయినేటికన్నా ముందే వస్తోంది. మట్టం పెరిగిందన్నమాట. పెరిగాక ఏమైంది? చెనిక్కాయ (వేరుశనగ) వేసే చోట ఒకాయన నీళ్ళు ఎక్కువ తాగే చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టాడు. ఇంకొకాయన రెండో బోరు వేయించాడు, బోరుకు అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉన్నా ఆ ఊసే లేదు. పైన జీవాలు మేపుకునే మనిషికి మాత్రం మేం ఇచ్చింది "ఇక్కడ మేపొద్దు" అన్న చాటింపు ఒక్కటే.

హర్యానాలో సుఖోమాజ్రి అని ఒక ఊరు. చండీగఢ్ సుఖ్నా సరస్సు పూడిపోతుంటే, ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందని పైకి వెతుక్కుంటూ పోయారు. గొర్రెలు, మేకలు మేసి బోడిగా మారిన ఆ ఊరి కొండల దగ్గర తేలింది. 1970ల్లో పి.ఆర్. మిశ్రా అనే నేల పరిరక్షణ శాస్త్రవేత్త అక్కడ పనిచేశారు. కట్టిన చెరువు నీళ్ళలో భూమి లేని కుటుంబానికి కూడా సమాన వాటా పెట్టారు, వాడుకోనివాళ్ళు అమ్ముకోవచ్చు. అప్పుడు కంచె అక్కర్లేకుండానే కొండ మీద మేపు ఆగింది. ట్రైనింగ్‌లో మాకు ఈ కథ చెప్పారు, టీ విరామానికి ముందు, గబగబా.

అలాగని మేకల్ని పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. ఆ మొలక పోయింది, మళ్ళీ చల్లాలి. ఇంకో వాన ఎప్పుడో. గట్టిగా ఉన్న పాత వరసలు రెండు ఆయన మేపుకు వదిలి, కొత్త వరసల్లో గడ్డి కోసుకెళ్ళే హక్కు ఆయనకే ఇస్తే? వంక దగ్గర జీవాలకు ఒక తొట్టి కట్టి, దాని ఖర్చు కింది బోర్లవాళ్ళ నుంచి వసూలు చేస్తే? చీనీ తోట ఆయన ఒప్పుకోడు, రాసిస్తా. "నా బోరు, నా కరెంటు" అంటాడు. మా కోశాధికారి సారు బడ్జెట్లో ఆ పద్దు లేదంటారు. ఆదివారం మీటింగ్‌లో ఎలాగూ పెడతాను. పెద్దాయన్ను కూడా కూర్చోబెట్టాలి. అయితే ఆదివారం పొద్దున జీవాలు వదిలి ఆయన రాలేడు, కాబట్టి మీటింగే సాయంత్రానికి మార్చమని ఇప్పుడే గ్రూపులో పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.