రిలీవింగ్ మధ్యలో థర్మోడైనమిక్స్

ఉదయం డిశ్చార్జ్ మెడికల్, అంటే సర్వీసు వదిలి వెళ్లేముందు చేసే వైద్య పరీక్ష. కళ్లు, గుండె, మోకాళ్లు తొందరగానే అయిపోయాయి. వినికిడి పరీక్ష దగ్గర మాత్రం చాలాసేపు కూర్చోబెట్టారు. చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అయ్యాక టెక్నీషియన్ రిపోర్టు చేతికిస్తూ, "పెద్ద శబ్దాల దగ్గర పనిచేశారా?" అని అడిగాడు. సర్వీసంతా డీజిల్ జనరేటర్ల పక్కనే అని చెప్పాను. ఎడమ చెవి గీత 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగిపోయి, 8000 దగ్గర మళ్లీ కొంచెం లేచింది. మోత వల్ల చెవి దెబ్బతింటే మామూలుగా మొదట తెలిసేది ఆ చుట్టుపక్కలేనట.

చూసి మనసు కలుక్కుమంది. అయినా చూపు ఆ కాగితం మీదే ఉండిపోయింది. అడుగున 250, 500, 1000, 2000, 4000, 8000 అన్నీ సమాన దూరాల్లో ఉన్నాయి. అంకె ప్రతిసారీ రెట్టింపవుతున్నా దూరం మాత్రం ఒక్కటే. లాగ్ స్కేలు! ఈ మధ్యే డిగ్రీ మ్యాథ్స్‌లో లాగరిథమ్‌లు మళ్లీ మొదటినుంచి చేశాను. డెసిబెల్ సంగతీ అంతే. 10 పెరిగితే శబ్ద తీవ్రత పదింతలు, 3 పెరిగితే దాదాపు రెట్టింపు. మా గదిలో ఒక జనరేటర్ నడుస్తుండగా అలాంటిదే రెండోది ఆన్ చేస్తే మీటరులో పెరిగేది 3 డెసిబెల్‌లే, చెవిలోకి వెళ్లే శక్తి మాత్రం రెట్టింపు. ఇది ప్రతి వర్క్‌షాప్‌లోనూ కొత్తగా చేరిన రోజే చెప్పాల్సిన విషయం. ఇయర్ మఫ్‌లు పెట్టుకోమని ఆర్డర్ వేస్తే సగం మంది పెట్టుకుంటారు. ఈ లెక్క చూపిస్తే అందరూ పెట్టుకుంటారని నా నమ్మకం.

మధ్యాహ్నం చార్జ్ అప్పగింత. టూల్ కిట్ లెక్క, లాగ్‌బుక్, సంతకాలు. క్లియరెన్స్ ఫారంలో ఇంకా కొన్ని గళ్లు ఖాళీగానే ఉన్నాయి.

నా స్థానంలో వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. సెట్ నడుస్తుంటే రేడియేటర్ ముందు చెయ్యి పెట్టి, "సార్, ఎప్పుడూ ఇంత వేడేనా?" అన్నాడు. చెక్‌లిస్టు చెప్పాను. ఫ్యాన్ బెల్టు బిగువు, కూలెంట్ మట్టం, ఫిన్‌ల మధ్య దుమ్ము. "అవన్నీ బాగానే ఉన్నాయి కదా సార్, మరి ఇంత వేడి ఎందుకు?" అన్నాడు. డీజిల్‌లోని శక్తిలో సుమారు మూడో వంతే షాఫ్ట్‌కి వస్తుందని, ఇంకో మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుందని, మిగతాది చాలావరకు ఈ రేడియేటరే బయటికి తోస్తుందని చెప్పాను. వాడు వదల్లేదు. "అసలు వేడి బయటికి పోకుండా నడిచే ఇంజన్ చెయ్యలేమా సార్?"

ఎంత మంచి ప్రశ్న! దానికి జవాబు చెక్‌లిస్టులో ఉండదు. నేను డిగ్రీలో చేరింది సరిగ్గా ఇలాంటి వాటి కోసమే.

రాత్రి క్లాసులో అదే పాఠం రావడం నా అదృష్టం. వేడితో నడిచే ఏ ఇంజన్ అయినా కొంత వేడిని చల్లటి వైపు వదిలి తీరాలి. వేడి వైపు 600 కెల్విన్, చల్లటి వైపు 300 కెల్విన్ ఉంటే, రాపిడి అనేదే లేని ఆదర్శ ఇంజన్‌కి కూడా దక్కేది 50 శాతమే. ఈ హద్దుకు దారి చూపిన సాది కార్నో ఫ్రెంచ్ సైన్యంలో ఇంజనీరు అధికారి. 1819లో సగం జీతం మీద సెలవు తీసుకుని పారిస్‌లో చదువుకున్నాడు. 1824లో వేసిన చిన్న పుస్తకాన్ని అప్పట్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1828లో సైన్యం వదిలేశాడు, 1832లో కలరాతో పోయాడు. వయసు 36. ఆయన ఎక్కడ, నేను ఎక్కడ! అయినా సగం జీతం మీద సెలవు అని చదివినప్పుడు చాలా దగ్గరివాడిలా అనిపించాడు. వచ్చే నెల నుంచి జీతం ఉండదన్న టెన్షన్ నాకూ ఉంది.

క్లాసు అయ్యాక ఆ హద్దు డెరివేషన్ సొంతంగా రాయడానికి కూర్చున్నాను. సగంలో ఆగిపోయింది. వర్క్‌షాప్‌లో ఎక్కడైనా ఆగితే పైవాళ్లను అడగొచ్చు, పార్టు మార్చి చూడొచ్చు. ఇక్కడ మార్చడానికి పార్టేమీ లేదు, అర్థమయ్యేదాకా కూర్చోవడమే. ఇన్నేళ్ల సర్వీసులో నాకు అలవాటు కానిది ఇదొక్కటే. తెల్లవారుజామున లేవడం, టైముకి పని పూర్తి చెయ్యడం ఇవన్నీ చదువుకి పనికొస్తున్నాయి, ఇది మాత్రం కొత్తగా నేర్చుకుంటున్నాను. ఎంట్రోపీ (శక్తి ఎంత చెల్లాచెదురైందో చెప్పే కొలత) వచ్చే మెట్టు దగ్గర ఇంకా స్పష్టత లేదు. రేపు మళ్లీ చూడాలి.

ప్రాజెక్టు ఏం తీసుకోవాలో మాత్రం ఇవాళే తేలిపోయింది. పొగగొట్టంలోంచి పోయే ఆ మూడో వంతులో ఎంత వెనక్కి తెచ్చుకోగలం అన్నదే. మా లాగ్‌బుక్‌లో ఏళ్ల రీడింగులున్నాయి, కానీ అవి సర్వీసువి, బయటికి తీసుకెళ్లకూడదు. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న చిన్న డీజిల్ ఇంజన్ మీదే కొత్తగా కొలుచుకోవాలి. దాని పొగగొట్టానికి వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టనిస్తారేమో సోమవారం మేడమ్‌ని అడుగుతాను. ఆ కుర్రాడి ప్రశ్నకి పూర్తి జవాబు కూడా కాగితం మీద బొమ్మతో సహా రాసి, వెళ్లేలోపు వాడికి ఇవ్వాలి.